దాయాది మాటలు

ఇటలీలో ఇంగ్లీషు నేర్పే పుస్తకాల్లో తరచుగా ఒక పట్టిక కనిపిస్తుంది. ఒక పక్క ఇంగ్లీషు మాట. దానికి ఎదురుగా, చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఇటాలియన్ మాట. రెండూ ఒకటే అనుకుంటే బోల్తా పడతారని పైన ఒక హెచ్చరిక. ఇంగ్లీషు ‘పేరెంట్స్’ అంటే తల్లిదండ్రులు, ఇటాలియన్ ‘పరెంతి’ అంటే చుట్టాలు. ‘లైబ్రరీ’లో పుస్తకాలు తీసుకుని చదివి తిరిగిచ్చేయాలి, ‘లిబ్రెరియా’లో డబ్బులిచ్చి కొనుక్కోవాలి. ‘ఫ్యాక్టరీ’లో యంత్రాలుంటాయి, ‘ఫత్తొరియా’లో ఆవులూ కోళ్లూ ఉంటాయి. ‘ఎడ్యుకేటెడ్’ అంటే చదువుకున్నవాడు, ‘ఎదుకాతో’ అంటే మర్యాద తెలిసినవాడు. ఈ ఇద్దరూ ఒకరే అయ్యుండాలని రూలేమీ లేదని మనకీ తెలుసు.

ఇలాంటి జంటల్ని ‘ఫాల్స్ ఫ్రెండ్స్’ అంటారు. 1928లో మాక్సిమ్ కెస్లర్, జూల్ దెరొకిన్యీ అనే ఇద్దరు ఫ్రెంచ్ రచయితలు అనువాదకుల కోసం వేసిన పుస్తకంతో ఈ పేరు వాడుకలోకి వచ్చింది. ఆ పుస్తకం ఉపశీర్షికలో ‘ఇంగ్లీషు పదజాలం చేసే ద్రోహాలు’ అనే అర్థం వచ్చే మాటలు కూడా ఉన్నాయి. స్నేహం నటించి వెన్నుపోటు పొడిచే మాటలన్నమాట.

నాకు ఆ పేరుతోనే పేచీ. స్నేహితులు ఎక్కడెక్కడి వాళ్లో కలుస్తారు, పడకపోతే విడిపోతారు. ఈ మాటల వ్యవహారం అలాంటిది కాదు. ఒకే తాత ఆస్తిని పంచుకుని, వేరు కాపురాలు పెట్టి, నాలుగైదు వందల ఏళ్లలో ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా పోయినవాళ్ల కథ ఇది. ఇంటిపేరు ఒకటే, వాటాలు వేరు. మన భాషలో వీళ్లకి మంచి పేరుంది: దాయాదులు. తమాషా ఏమిటంటే, పై పట్టికలో మొదటి మాట ‘పరెంతి’ అంటున్నది కూడా చుట్టాల గురించే.

పేరులో ఏముందిలే అనొచ్చు. ఉంది. ద్రోహం అన్నాక తప్పెవరిదో తేల్చాలి. ఈ పట్టిక ఎప్పుడూ తప్పుని నేర్చుకునేవాడి ఖాతాలోనే వేస్తుంది. నేను విమర్శించాలనుకుంటున్నది ఆ పట్టికనే, ఒక చిన్న సాహిత్య ప్రక్రియని విమర్శించినట్టుగా.

*

ముందు దానికి దక్కాల్సిన మర్యాద దక్కాలి. రోజువారీ బతుక్కి ఆ పట్టిక నిజంగానే పనికొస్తుంది. మిలాన్ ఆఫీసులో ఒకాయన లండన్‌కి మెయిల్ రాస్తూ, మీటింగ్‌కి ‘ఈవెంచువల్లీ’ వస్తానన్నాడనుకోండి. ఆయన మనసులో ఉన్నది ‘ఎవెంతువల్మెంతె’. అంటే అవసరమైతే, వీలుంటే వస్తానని. లండన్ వాళ్లకి వినబడింది మాత్రం ‘ఆలస్యమైనా చివరికి వచ్చి తీరతాను’ అని. ఒకళ్లు రానక్కర్లేదనుకుంటారు, ఇంకొకళ్లు కుర్చీ వేసి ఎదురుచూస్తారు. ఇద్దరూ వ్యాకరణం ప్రకారం సరిగ్గానే ఉన్నారు.

‘యాక్చువల్లీ’ ఇంకా చిక్కు. ఇటాలియన్ ‘అత్తువల్మెంతె’కి అర్థం ‘ప్రస్తుతం’. “ఆయన యాక్చువల్లీ రోమ్‌లో పనిచేస్తున్నాడు” అని ఒక ఇటాలియన్ అంటే అందులో మెలికేమీ లేదు. వినే ఇంగ్లీషు మనిషికి మాత్రం, ఇంకెవరో కాదన్నట్టు, ఈయన దాన్ని సరిదిద్దుతున్నట్టు వినిపిస్తుంది. (మన ‘యాక్చువల్‌గా’ ఈ రెండు వర్గాల్లోనూ చేరదు. అది గొంతు సవరించుకోవడం లాంటిది.) అటువైపు నుంచి వచ్చేవాళ్ల పాట్లూ ఉన్నాయి. జామ్ సీసా పట్టుకుని ఇందులో ‘ప్రెజెర్వతీవి’ ఉన్నాయా అని అడిగే ఇంగ్లీషు టూరిస్టు, ప్రిజర్వేటివ్‌ల గురించి అడుగుతున్నాననుకుంటాడు. దుకాణదారుకి వినబడేది కండోమ్‌ల గురించి.

ఇంతవరకూ పట్టిక బాగానే ఉంది. దానిలో లేనిది కాలం. రెండు గళ్లలోనూ మాటలు ఈరోజు ఉన్నట్టే, మొదట్నించీ అలాగే ఉన్నట్టు కూర్చుంటాయి. కాస్త వెనక్కి వెళితే బొమ్మ మారిపోతుంది.

ఇంగ్లీషు ‘సెన్సిబుల్’ అంటే తెలివిగా, ఆచితూచి నడుచుకునే మనిషి. ఇటాలియన్ ‘సెన్సీబిలె’ అంటే సున్నితమైన మనసున్న మనిషి. కానీ జేన్ ఆస్టెన్ 1811లో అచ్చువేసిన మొదటి నవల పేరు చూడండి: ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’. వివేకం ఎలినార్‌ది, ‘సెన్సిబిలిటీ’ చెల్లెలు మారియాన్‌ది. చలించిపోయే, ఏడ్చే, తడిగడ్డిలో తిరిగి జబ్బు తెచ్చుకునే పిల్ల. అంటే రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లీషులోనూ ఆ కుటుంబం మాటలు ఇటాలియన్ అర్థానికి దగ్గరగానే ఉన్నాయి. ఈరోజు ఒక ఇటాలియన్ అమ్మాయి “నేను చాలా సెన్సిబుల్” అని ఇంగ్లీషులో అంటే, ఆమె తనని మారియాన్‌గా పరిచయం చేసుకుంటోంది. వినేవాళ్లు ఎలినార్‌ని చూస్తున్నారు. పట్టిక దీన్ని తప్పు అంటుంది. నాకైతే ఆమె ఆస్టెన్ కాలపు ఇంగ్లీషు మాట్లాడుతున్నట్టుంటుంది.

ఇదొక్కటే కాదు. ‘ఆర్గ్యుమెంట్’ అంటే ఇప్పుడు ఇంగ్లీషులో వాదన, కొట్లాట. ఇటాలియన్ ‘అర్గొమెంతో’ అంటే మాట్లాడుకునే విషయం. మరి మిల్టన్ ‘పారడైజ్ లాస్ట్’లో ప్రతి సర్గకీ ముందు వచనంలో ‘ఆర్గ్యుమెంట్’ అని ఒక భాగం ఉంటుంది. అందులో ఎవరూ ఎవరితోనూ కొట్లాడరు. అది ఆ సర్గలో ఉన్న విషయపు సంగ్రహం. అలాగే ‘ప్రిటెండ్’ అంటే నటించడం, ‘ప్రెతెందెరె’ అంటే హక్కుగా అడగడం. ఇంగ్లండ్ సింహాసనం తనదేనన్న జేమ్స్ స్టువర్ట్‌ని చరిత్ర పుస్తకాలు ‘ఓల్డ్ ప్రిటెండర్’ అంటాయి. ఆయన రాజుగా నటించాడని ఆ మాటకి అర్థం కాదు, రాజ్యం నాదేనని అడిగాడని. ఆయన జీవితంలో ఎక్కువ భాగం గడిపిందీ, 1766లో చనిపోయిందీ రోమ్‌లోనే. తన బిరుదుకి సరైన అర్థం తెలిసిన ఊళ్లోనే ఉన్నాడు, పాపం.

అలాగని కదిలిందంతా ఇంగ్లీషే, ఇటాలియన్ ఎక్కడిది అక్కడే ఉందనుకుంటే అదీ అబద్ధమే. ఇటాలియన్ ‘మోర్బిదో’ అంటే మెత్తనిది. దిండు, రొట్టె, పసిపిల్లల బుగ్గ. ఇంగ్లీషు ‘మోర్బిడ్’ అంటే రోగపు, చావు వాసన కొట్టే ఆలోచన. ఇక్కడ లాటిన్ తాతకి దగ్గరగా ఉన్నది ఇంగ్లీషే; ఆ భాషలో ‘మోర్బుస్’ అంటే రోగం. రోగంతో మెత్తబడ్డ శరీరం దగ్గర మొదలైన మాట ఇటలీలో దిండు దాకా వెళ్లింది. ఇంకొన్నింటికి అసలు చుట్టరికమే లేదు. ఇటలీ హోటల్లో ‘సి’ అని రాసి ఉన్న కుళాయి తిప్పితే వేణ్నీళ్లొస్తాయి, ఎందుకంటే ‘కాల్దో’ అంటే వేడి. ‘కోల్డ్’తో దానికి సంబంధమే లేదు, ముఖం పోలిక తప్ప. దాయాదినీ, దారినపోయే దానయ్యనీ ఒకే గడిలో కూర్చోబెట్టడం పట్టికకున్న ఇంకో లోపం.

మనకి బాగా తెలిసిన ఒక మాటతో ఈ భాగం ముగిస్తాను. ఇటాలియన్‌లో ‘కామెరా’ అంటే గది. పార్లమెంటు దిగువ సభ పేరు కూడా ‘కామెరా’నే. చీకటిగది గోడకి చిన్న బెజ్జం పెడితే బయటి దృశ్యం లోపలి గోడమీద తలకిందులుగా పడుతుంది. ఆ చీకటిగదికి లాటిన్‌లో పెట్టిన పేరులోంచి సగం ఊడి మన ఫోన్లోని కెమెరా అయింది. హిందీ ‘కమ్‌రా’ పోర్చుగీసువాళ్లతో వచ్చిన అదే మాట, అదే గది. అందుకే మన పేపర్లలో ‘ఇన్‌-కెమెరా విచారణ’ అని చదివి వీడియో తీస్తున్నారనుకునే పాఠకుడు ఒక దాయాదిని చూసి ఇంకో దాయాది అనుకుంటున్నాడు. ఆ విచారణ జరిగేది కెమెరా ముందు కాదు, తలుపులు మూసిన గదిలో.

*

మనల్ని మనం ‘తూర్పు ఇటాలియన్’ అని పొగుడుకునే అలవాటు ఒకటుంది. అజంత భాష కాబట్టి, రెండిట్లోనూ మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి. ఆ పోలిక ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు నిజంగానే పైకి తేలుతుంది. హల్లుతో ఆగిపోయిన ఇంగ్లీషు మాట చివర ఇటాలియన్ నోరు చిన్న అచ్చుని తగిలిస్తుంది. మనం బస్సు, కారు, లైటు అన్నట్టే.

కానీ దాయాది మాటల దగ్గర ఈ పోలిక తిరగబడుతుంది. అది చూడాలంటే ఇంగ్లీషుని పక్కనపెట్టి హిందీ వైపు తిరగాలి. హైదరాబాద్‌లో పెరిగినవాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు. మనకి ‘ఉపన్యాసం’ అంటే ప్రసంగం, హిందీలో నవల. మనకి ‘అవకాశం’ అంటే ఛాన్సు, వాళ్లకి సెలవు. మన ‘వ్యవసాయం’ పొలంలో, వాళ్ల ‘వ్యవసాయ్’ దుకాణంలో, ఆఫీసులో. మన ‘అనుమానం’ మనుషుల మీద, వాళ్ల ‘అనుమాన్’ లెక్కల మీద, వర్షం మీద. ఇక ‘శిక్ష’. ‘సర్వ శిక్షా అభియాన్’ అని మన బడి గోడల మీద రాసినప్పుడు, అందరికీ చదువు అని ఢిల్లీ అనుకుంది, అందరికీ శిక్ష అని పిల్లలు చదువుకున్నారు. 2018లో పథకం పేరు ‘సమగ్ర శిక్షా’ అయింది. ఇప్పుడు శిక్ష సమగ్రంగా కూడా పడుతుంది.

నవ్వుకున్నాక వెనక్కి వెళితే ఇక్కడా అదే కథ. ‘ఉద్యోగం’ మనకి జీతం వచ్చే పని, హిందీలో పరిశ్రమ. భారతంలో ఉద్యోగపర్వం ఉంది. అందులో ఎవరికీ అపాయింట్‌మెంట్ ఆర్డరు రాదు, ఎవరూ మిల్లు పెట్టరు. అక్కడ ఉద్యోగం అంటే ప్రయత్నం, సన్నాహం. తాత అర్థాన్ని మనమూ వదిలేశాం, వాళ్లూ వదిలేశారు. మిల్టన్ ‘ఆర్గ్యుమెంట్’ ఇంగ్లీషు పాఠకుణ్ణి ఎలా ఆపుతుందో, తిక్కన దగ్గర ఆ పర్వం పేరు మనల్ని అలా ఆపాలి. ఆపదు, ఎందుకంటే చిన్నప్పట్నించీ వింటున్నాం.

ఇప్పుడు కుర్చీలు ఎవరివో చూడండి. ఇటాలియన్ లాటిన్‌కి సొంత బిడ్డ. ఇంగ్లీషు వేరే ఇంట్లో పుట్టి, ఫ్రెంచి ద్వారానూ నేరుగానూ లాటిన్ మాటల్ని తెచ్చుకుని తనకి నచ్చినట్టు వాడుకుంది. ఇక్కడ సంస్కృతం ఉన్న వంశంలోనిది హిందీ. తెలుగు ద్రావిడ ఇంట్లో పుట్టి, సంస్కృతం మాటల్ని తెచ్చుకుని తనకి కావాల్సిన పని చేయించుకుంది. అంటే ఈ లెక్కలో మనం ఇటాలియన్ కాదు, ఇంగ్లీషు. తూర్పు ఇటాలియన్ అని చప్పట్లు కొట్టుకునే సభల్లో ఈ మాట ఎవరైనా ఒకసారి అంటే బాగుణ్ణనిపిస్తుంది.

అయితే ఇంగ్లీషు కుర్చీలో కూర్చున్నంత మాత్రాన ఇంగ్లీషు దర్జా రాదు. అరువు మాటకి అర్థం మార్చడం ఎవరైనా చేస్తారు. మార్చిన అర్థాన్ని అవతలివాడి చేత కూడా బట్టీ పట్టించగలగడం అందరివల్లా కాదు.

*

అసలు విషయం ఇక్కడుంది. ఎవరి తప్పు తప్పుగా మిగిలిపోతుంది, ఎవరి తప్పు నిఘంటువులోకి ఎక్కుతుంది?

ఇంగ్లీషు ప్రపంచం ఇటాలియన్ నుంచి తెచ్చుకున్న మాటలు చూడండి. ‘లాత్తె’ అంటే ఇటలీలో పాలు, ఉత్త పాలు. అమెరికన్ కాఫీ షాపుల్లో అది పాలెక్కువ పోసిన కాఫీ. ‘పెపరోని’ అమెరికాలో పిజ్జా మీద వేసే మాంసపు ముక్కలు, ఇటలీలో ‘పెపెరోని’ అంటే మన క్యాప్సికమ్. ‘కన్‌ఫెట్టి’ ఇంగ్లీషులో గాల్లో చల్లే రంగుకాగితం ముక్కలు, ఇటలీలో ‘కొన్ఫెత్తి’ పెళ్లికి పంచే చక్కెర పూత పూసిన బాదంగింజలు. ఆరుబయట భోజనాన్ని ఇంగ్లీషువాళ్లు ‘అల్ ఫ్రెస్కో’ అంటారు. ఇటలీలో ఎవరైనా ‘అల్ ఫ్రెస్కో’ ఉన్నాడంటే వాడుక భాషలో జైల్లో ఉన్నాడనే అర్థం కూడా ఉంది. వీటిని ఇంగ్లీషువాళ్ల తప్పులు అని ఎవరూ పట్టిక వేసి న్యూయార్క్ పిల్లల చేత వల్లె వేయించరు. ఇవి ఇప్పుడు శుద్ధమైన ఇంగ్లీషు. మనమూ అవే అర్థాలు నేర్చుకున్నాం. హైదరాబాద్ కేఫ్‌లో లాటె అడిగితే పాలగ్లాసు రాదు.

ఇటలీవాళ్లు కూడా ఇంగ్లీషు మాటలకి అలాంటి మర్యాదే చేశారు. ‘స్మోకింగ్’ అంటే వాళ్లకి విందులకి వేసుకునే నల్లసూటు. ‘బాక్స్’ అంటే కారు పెట్టుకునే గరాజు. ‘గోల్ఫ్’ అంటే స్వెటర్. ‘మిస్టర్’ అంటే ఫుట్‌బాల్ కోచ్. కరోనా రోజుల్లో ఇంటినుంచి పనిచేయడం ‘స్మార్ట్ వర్కింగ్’ అయింది. నాకు వీటిల్లో చాలా ప్రాణం కనిపిస్తుంది. కానీ ఇవి ఇటలీ పొలిమేర దాటవు. దాటిన మరుక్షణం నవ్వులపాలవుతాయి. ఆ నవ్వు ఇటలీవాళ్లే ముందు నవ్వుకున్నారు కూడా. 1954లో వచ్చిన ‘ఉన్ అమెరికానో ఎ రోమా’ సినిమాలో అల్బెర్తో సోర్ది వేసిన రోమ్ కుర్రాడు అమెరికన్ అయిపోవాలని రాని ఇంగ్లీషు మాట్లాడుతూ తిరుగుతాడు. 1972లో అద్రియానో చెలెంతానో ఇంకో అడుగు ముందుకేసి, అచ్చం అమెరికన్ ఇంగ్లీషులా వినిపించే, అర్థమే లేని శబ్దాలతో ఒక పాట పాడాడు. అర్థం పోతేపోయింది, ఆ శబ్దం చాలు అనుకునే మోజు మీద అంతకన్నా మంచి విమర్శ నేను వినలేదు.

మోజుకి రెండో కొస కోపం. 1940లో ఫాసిస్టు ప్రభుత్వం దుకాణాల బోర్డుల మీదా, ప్రకటనల్లోనూ విదేశీ మాటల్ని నిషేధిస్తూ చట్టం తెచ్చింది. 2023లో, జార్జా మెలోనీ పార్టీకే చెందిన ఫాబియో రాంపెల్లి ప్రతిపాదించిన బిల్లు వార్తల్లోకెక్కింది: ఇటాలియన్ వాడాల్సిన చోట విదేశీ మాటలు వాడితే 5,000 నుంచి 1,00,000 యూరోల దాకా జరిమానా. అదే ప్రభుత్వం 2022లో ఒక మంత్రిత్వశాఖకి కొత్త పేరు పెట్టింది. ఆ పేరులో ‘మేడ్ ఇన్ ఇటలీ’ అని ఉంది, ఇంగ్లీషులోనే. 1583లో పుట్టిన ఫ్లోరెన్స్ భాషాసంస్థ అక్కాదెమియా దెల్లా క్రూస్కా ఆంగ్ల పదాల వరద గురించి ఎప్పట్నించో మొత్తుకుంటోంది. దాని అధ్యక్షుడిగా ఉన్న క్లాఉదియో మరాత్సీనీ కూడా ఈ జరిమానాల ఆలోచనని సమర్థించలేదు. భాషని పోలీసు కాపాడలేడన్నది మనకీ తెలిసిన సంగతే. ‘శిక్ష’కి మనమిచ్చిన అర్థమొక్కటే చాలు.

*

ఇదంతా రోజువారీ మాటల గొడవే అయితే ఇంత రాసేదాన్ని కాదు. నన్ను ఈ పట్టిక వైపు తిప్పింది ఒక నవల శీర్షిక.

నేపుల్స్ ప్రాంతంలో పుట్టిన దొమేనికో స్తార్నోనె 2019లో ‘కొన్ఫిదెంత్సా’ అనే నవల వేశాడు. జుంపా లాహిరి దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది. 2021లో వచ్చిన ఆ అనువాదం పేరు ‘ట్రస్ట్’. అంతకుముందు ఆయనవే రెండు నవలల్ని ఆమె ‘టైస్’, ‘ట్రిక్’ అనే పేర్లతో అనువదించింది. మూడూ ఒక్క పలుకు శీర్షికలే, మూడూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. పక్కపక్కన పెడితే ముచ్చటగా ఉంటాయి.

కథ క్లుప్తంగా ఇది. పియెత్రో టీచరు. తెరేసా ఒకప్పుడు అతని విద్యార్థిని. ఇద్దరి మధ్యా ప్రేమ, దానికి మించిన కొట్లాట. ఒకసారి బాగా పోట్లాడుకున్నాక ఆమె ఒక ప్రతిపాదన చేస్తుంది: మన జీవితంలో ఎవరికీ చెప్పని, బయటపడితే తలెత్తుకోలేని సంగతి ఒకరికొకరం చెప్పుకుందాం. చెప్పుకుంటారు. కొద్దిరోజులకే విడిపోతారు. ఆ తర్వాత అతనికి పెళ్లి, పిల్లలు, పేరు, గౌరవం. అన్నిటి వెనకా ఒకటే భయం: ఆమెకి తెలుసు. ఆమె ఎవరికీ చెప్పదు. ఆ రహస్యమేమిటో నవల మనకీ చెప్పదు. మొదటి భాగం అతని గొంతు, తర్వాత కూతురిది, చివర తెరేసాది.

‘కొన్ఫిదెంత్సా’కి కళ్ల ముందు కనబడే ఇంగ్లీషు మాట ‘కాన్ఫిడెన్స్’. అది దాయాది. ఇటాలియన్‌లో ఆత్మవిశ్వాసానికీ, నమ్మకానికీ వేరే మాటలున్నాయి. మామూలుగా నమ్మకం అంటే ‘ఫిదూచా’. ‘కొన్ఫిదెంత్సా’ అంటే ఇద్దరి మధ్య దగ్గరితనం, ఆ దగ్గరితనంలో చెప్పుకున్న గుట్టు. ‘ఇన్ కాన్ఫిడెన్స్’ చెప్పడం అనే వాడుకలో ఇంగ్లీషుకీ ఆ అర్థం మిగిలే ఉంది. కానీ ఒంటరిగా అట్టమీద నిలబెడితే ‘కాన్ఫిడెన్స్’ వ్యక్తిత్వ వికాసం పుస్తకంలా కనిపిస్తుంది. లాహిరి దాన్ని ఎంచుకోకపోవడం తెలివైన పనే. కానీ ‘ట్రస్ట్’ అనడంతో నవల ఒక వైపుకి ఒరిగింది.

‘ట్రస్ట్’ అనగానే పాఠకుడి చేతికి ఒక ప్రశ్న వచ్చేస్తుంది: ఆమె నమ్మకాన్ని నిలబెడుతుందా, వమ్ము చేస్తుందా? అది థ్రిల్లర్ ప్రశ్న, నీతి ప్రశ్న. ఇటాలియన్ శీర్షిక అడిగేది అది కాదు. ఇటాలియన్‌లో ‘కొన్ఫిదెంత్సా’ ఇస్తారు, తీసుకుంటారు, కొందరు మరీ ఎక్కువ తీసుకుంటారు. ఇది చదువుతున్న తెలుగు పాఠకులకి ఈపాటికే ఒక మాట తట్టి ఉంటుంది: చనువు. మనం చనువు ఇస్తాం. కొందరు లేని చనువు తీసుకుంటారు. చనువు కొద్దీ నోరు జారతాం. చనువిస్తే చంకెక్కాడని తిట్టుకుంటాం. నమ్మకం వేరు. నమ్మకం వమ్మయిందా లేదా అని ఒక రోజున తేల్చొచ్చు. చనువు అలా తేలదు. ఇచ్చిన చనువు వెనక్కి రాదు. మనిషి వెళ్లిపోయినా అది ఉండిపోతుంది. పియెత్రో భయపడేది తెరేసా మాట తప్పుతుందని మాత్రమే అయితే అతను ఏళ్లు గడిచేకొద్దీ తేలికపడాలి, ఆమె మాట తప్పడం లేదు కదా. అతను తేలికపడడు. ఒకసారి తనని పూర్తిగా చూసిన మనిషి ఎక్కడో ఉంది, అంతే. అతను మంచివాడిగా బతకడానికి కారణం కూడా ఆ చూపే. ఈ నవలని ‘నమ్మకం’ అనుకుని చదివితే తెరేసా ఒక కాపలాదారు. ‘చనువు’ అనుకుని చదివితే వాళ్లిద్దరిదీ విడాకులు లేని పెళ్లి.

నా ఫిర్యాదు లాహిరి మీద కాదు. ఇంగ్లీషులో చనువుకి సరిపోయే ఒక్క మాట ఉంటే ఆమె వదిలేదని నేననుకోను. పైగా ఆ నవలకి రాసిన వెనకమాటలో ఆమె ‘ఇన్వేచె’ అన్న చిన్న మాటని పట్టుకుంది. ‘దానికి బదులు’ అని అర్థం, ఇటలీలో రోజుకి వందసార్లు వినబడే మాట. దాని కొసన నవలంతా కట్టి చూపించింది. మాటకి వంశం ఉంటుందని తెలిసినవాళ్లు చేసే పని అది. పట్టిక చేయలేని పని.

అయినా లాహిరి దగ్గర ఇంకో సంగతి ఉంది. కథలకి పులిట్జర్ గెలిచి, ఇంగ్లీషులో శిఖరాన ఉన్నప్పుడు ఆమె రోమ్ వెళ్లి ఇటాలియన్‌లో రాయడం మొదలుపెట్టింది. 2015లో వచ్చిన ‘ఇన్ ఆల్త్రె పరోలె’ ఆ భాష నేర్చుకోవడం గురించే. తన ఇటాలియన్ అసంపూర్ణమని ఆమె అందులో దాచకుండా చెప్పుకుంది. ఇంగ్లీషు ప్రచురణలో ఒక పేజీలో ఆమె ఇటాలియన్, ఎదుటి పేజీలో ఆన్ గోల్డ్‌స్టైన్ అనువాదం. నాకు ఇష్టమైన పుస్తకమే. కానీ ఒక ప్రశ్న వదలదు: ఇంగ్లీషు నుంచి ఇటాలియన్ వైపు వెళ్లే తడబాటు సాహిత్యమైంది. ఇటాలియన్ నుంచి ఇంగ్లీషు వైపు వచ్చే తడబాటు పాఠ్యపుస్తకంలో జోక్ అయింది. మిలాన్ ఆఫీసు మనిషి ‘ఈవెంచువల్లీ’ని ఎవరూ ముద్రించరు.

ఆ ప్రశ్నకి అదే పుస్తకంలో ఇంకో అంచు కూడా ఉంది. సలెర్నోలో ఒక దుకాణంలో లాహిరి చక్కగా ఇటాలియన్ మాట్లాడుతుంది. ఆమె భర్తకి అంత బాగా రాదు. దుకాణంలో ఆమె మాత్రం అతన్నే ఇటాలియన్ అనుకుంటుంది, అతని భాషనే మెచ్చుకుంటుంది, ముఖం చూసి. అంటే తప్పో ఒప్పో నిర్ణయించేది మాటొక్కటే కాదు, మాట్లాడే ముఖం కూడా. రెండు గళ్ల పట్టికలో ఇది ఎక్కడ పడుతుంది?

*

మనకెందుకీ ఇటలీ గొడవ అంటే, ఒక కారణం ఉంది. ప్రపంచ సాహిత్యం తెలుగులోకి ఎక్కువగా ఇంగ్లీషు గుండానే వస్తుంది. ఇటాలియన్ నవలైనా, స్పానిష్ కథైనా ముందు ఇంగ్లీషు పంపకం జరిగాకే మన చేతికి వస్తుంది. ఇంగ్లీషు ఏ వాటా ఉంచుకుందో మనకి అదే అందుతుంది, ఏది వదిలేసిందో అది అసలు లేనట్టే. రేపు ఎవరైనా స్తార్నోనె నవలని ఇంగ్లీషు నుంచి తెలుగు చేస్తే శిక్షణ ఉన్న ఏ అనువాదకుడైనా ‘నమ్మకం’ అనే పెడతాడు. ‘ట్రస్ట్’కి అది సరైన అనువాదం కూడా. కానీ నేపుల్స్ దగ్గర మొదలైన ‘చనువు’ లండన్ మీదుగా వచ్చేసరికి ‘నమ్మకం’ అయిపోతుంది. మన ఇంట్లోనే ఉన్న మాటని పోగొట్టుకోవడానికి అంత దూరం తిరిగొచ్చినట్టవుతుంది.

ఇటాలియన్ వచ్చినవాళ్లు తెలుగులో తక్కువే. అందుకని ఇంగ్లీషు గుండా అనువాదాలు ఆపేయమని అనను. అవి లేకపోతే మనకి సగం ప్రపంచం ఉండేది కాదు. ఇంగ్లీషు పుస్తకం ముందేసుకున్న అనువాదకులు కనీసం శీర్షిక దగ్గరా, పదే పదే వచ్చే మాటల దగ్గరా ఒకసారి మూలభాష నిఘంటువు తెరవాలి. ఎదురుగా కనబడే దాయాదిని దాటి, దాని తాత ఏమన్నాడో, అవతలి ఇంట్లో ఏమంటున్నారో చూడాలి. పది నిమిషాల పని. అప్పుడు మనకి ఇంగ్లీషువాళ్లకి దొరకని మాట దొరకొచ్చు, చనువు దొరికినట్టు.